మాట రాలేదంటే ముందు చెవి చూడండి

రెండేళ్ళు నిండినా బిడ్డ అమ్మా అనడం లేదని చెప్పగానే మన ఇళ్ళల్లో వచ్చే మొదటి సలహా వస. వసకొమ్ము అరగదీసి నాలుక మీద రాయమంటారు. రెండో సలహా నాలుక కింది పొర కోయించమని. మూడోది అన్నిటికంటే ఎక్కువగా వినిపించేది: "మగపిల్లాడు కదా, నిదానంగా వస్తాయిలే. వాళ్ళ మేనమామకూ నాలుగేళ్ళకే వచ్చాయి." చెప్పేవాళ్ళందరూ బిడ్డ మంచి కోరేవాళ్ళే. అయితే ఈ సలహాలన్నీ నోటి చుట్టూనే తిరుగుతాయి. బిడ్డకు వినపడుతోందా అని అడిగేవాళ్ళు తక్కువ.

మాట నోట్లో మొదలవదు. మొదట చెవిలోంచి లోపలికి వెళ్తుంది. నెలల తరబడి విన్నది మెదడులో పోగుపడి, ఏ శబ్దానికి ఏ అర్థమో తేలాక నోటికి వస్తుంది. మాటలు ఆలస్యం కావడానికి వేరే కారణాలూ ఉన్నాయి. ఆటిజం కావచ్చు, మొత్తం ఎదుగుదలే నెమ్మదిగా ఉండటం కావచ్చు, తెలివి చక్కగా ఉండి భాష మాత్రమే వెనకబడటం కావచ్చు. కారణం ఏదైనా మొదటి మెట్టు వినికిడి పరీక్షే. ఆ పరీక్ష చేయించకుండా ఏడాది పాటు స్పీచ్ థెరపీకి తిప్పితే, తీరా బిడ్డకు వినపడటం లేదని తేలిన రోజున ఆ ఏడాది ఎవరూ తిరిగి ఇవ్వలేరు. ఈ అధ్యాయంలో మీరు ఒక్క మాటే గుర్తుపెట్టుకోగలిగితే అది ఇదే కావాలని నా కోరిక: అనుమానం వచ్చిన వారంలోనే పరీక్షకు తీసుకెళ్ళండి, వచ్చే పుట్టినరోజు దాకా ఆగకండి.

కంచం మోగించి చూడటం పరీక్ష కాదు

"వెనక నుంచి చప్పట్లు కొడితే తిరిగి చూస్తాడండీ, చెవులు బాగానే ఉన్నాయి" అని చాలామంది తల్లిదండ్రులు నమ్మకంగా చెబుతారు. స్టీలు కంచం కింద పడేస్తే ఉలిక్కిపడ్డాడని చెబుతారు. కంచం చప్పుడు చాలా పెద్దది. సగానికి సగం వినికిడి పోయిన బిడ్డ కూడా దానికి తిరుగుతాడు. పైగా పిల్లలు నేల అదురును పట్టేస్తారు, గోడ మీద కదిలిన నీడను పట్టేస్తారు, ఎదురుగా ఉన్న అన్న ముఖం చూసి వెనక ఏదో జరిగిందని పట్టేస్తారు. వినపడని పిల్లల కళ్ళు చాలా చురుకు. ఆ చురుకే పెద్దవాళ్ళను మోసం చేస్తుంది.

వినికిడి అనేది ఉందా లేదా అని రెండు ముక్కల్లో తేలే విషయం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 20 డెసిబెల్స్‌లోపు శబ్దం వినగలిగితే మామూలు వినికిడి. 35 నుంచి 50 మధ్య ఉంటే మధ్యస్థ లోపం, 80 దాటితే తీవ్రాతితీవ్రం. 45 దగ్గర ఉన్న బిడ్డను గట్టిగా పిలిస్తే పలుకుతాడు. వంటింట్లోంచి మామూలుగా పిలిస్తే పలకడు. బడిలో మొదటి బెంచీలో కూర్చుంటే పాఠం అందుతుంది, నాలుగో బెంచీలో అందదు. అతనికి డప్పు వినపడుతుంది, లారీ వినపడుతుంది, కానీ స, శ, ఫ లాంటి సన్నని శబ్దాలు అందవు. ఇలాంటి పిల్లలకు మనం పెట్టే పేర్లు మొండివాడు, పరధ్యానం, చెప్పిన మాట వినడు. చెప్పిన మాట నిజంగానే వినపడటం లేదని మనకు తట్టదు.

ఇంట్లో గమనించాల్సింది చప్పుడుకు ఉలిక్కిపడటం కన్నా బిడ్డ గొంతు మారే తీరు. మూడు నెలలకు ఉంగా ఉంగా అంటూ అమ్మ గొంతుకు ఏడుపు ఆపాలి. ఆరు నెలలప్పుడు శబ్దం వచ్చిన వైపు తల తిప్పాలి. పది నెలలలోపు దదద, బబబ, తాతతాత అంటూ హల్లులు వరసగా దొర్లాలి. ఏడాదికి పేరు పెట్టి పిలిస్తే చూడాలి, ఒకటి రెండు మాటలు రావాలి. రెండేళ్ళకు "అమ్మ దా", "పాలు కావాలి" అని రెండు మాటలు కలపాలి. ఇక్కడ ఒక చిక్కుంది. పుట్టుకతో చెవుడున్న బిడ్డ కూడా మొదటి నెలల్లో ఉంగా అంటాడు. అందరూ నిశ్చింతగా ఉంటారు. ఆ తర్వాత రావాల్సిన దదద, బబబ రావు, లేదా చాలా ఆలస్యంగా వస్తాయి. ఎనిమిది, తొమ్మిది నెలల వయసులో ఇంట్లో ఇలాంటి దొర్లింపు లేకపోతే అది గట్టి హెచ్చరిక.

అసలు అంతవరకూ ఆగాల్సిన పనే లేదు. పుట్టిన రెండో రోజునే చేయగలిగే పరీక్ష ఉంది. దాని పేరు ఓఏఈ. నిద్రపోతున్న పసికందు చెవిలో మెత్తని చిన్న మొన పెట్టి సన్నని శబ్దాలు పంపిస్తారు. లోపలి చెవి బాగుంటే అది తిరిగి ఒక చిన్న ప్రతిధ్వని ఇస్తుంది, యంత్రం దాన్ని పట్టుకుంటుంది. కొద్ది నిమిషాల పని, నొప్పి లేదు, సూది లేదు. అందులో తేడా వస్తే వెంటనే కుంగిపోవద్దు. అప్పుడే పుట్టిన బిడ్డ చెవిలో ఇంకా తడి, జిగురు ఉండటం వల్ల కూడా అలా వస్తుంది. కానీ మళ్ళీ రమ్మన్న తేదీకి తప్పకుండా వెళ్ళాలి. రెండోసారీ తేడా ఉంటే బెరా చేస్తారు. తల మీద, చెవుల వెనక స్టిక్కర్లు అంటించి, శబ్దం నరం గుండా మెదడు కాండం దాకా చేరుతోందా అని చూసే పరీక్ష అది. రెండున్నర, మూడేళ్ళు దాటిన పిల్లలకు శబ్దం వినగానే డబ్బాలో పూస వేయమని ఆటలాగే పరీక్ష చేసి ఆడియోగ్రామ్ గీస్తారు.

చాలా దేశాలు అనుసరించే లెక్క చాలా సులువు: నెల లోపు మొదటి పరీక్ష, మూడు నెలల లోపు నిర్ధారణ, ఆరు నెలల లోపు వినికిడి యంత్రం, థెరపీ. పుట్టే ప్రతి వెయ్యి మందిలో ఒకరి నుంచి ముగ్గురికి రెండు చెవుల్లోనూ చెప్పుకోదగ్గ లోపం ఉంటుంది. అలాంటి పిల్లల్లో నూటికి తొంభై మందికి పైగా మామూలుగా వినపడే తల్లిదండ్రులకు పుట్టినవాళ్ళే. కాబట్టి "మా ఇంట్లో ఎవరికీ లేదు" అనేది పరీక్ష మానేయడానికి కారణం కాదు.

మేనరికం చేసుకున్న ఇళ్ళల్లో ఇంకాస్త జాగ్రత్త కావాలి. పుట్టుచెవుడుకు కారణమయ్యే జన్యువులు చాలావరకు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి కలిస్తేనే లోపాన్ని చూపిస్తాయి. దగ్గరి రక్తసంబంధంలో అలా కలిసే అవకాశం పెరుగుతుంది. ఇది ఎవరినీ నిందించడానికి చెప్పడం లేదు. పుట్టిన బిడ్డకు ఏం చేయాలో తెలుసుకోవడానికి చెబుతున్నాను. నెలలు నిండకుండా పుట్టి ఐసీయూలో ఉన్న పిల్లలు, కామెర్లు బాగా ముదిరి రక్తం మార్చాల్సి వచ్చినవాళ్ళు, మెదడువాపు లేక మెనింజైటిస్ వచ్చినవాళ్ళు, జెంటామైసిన్, అమికాసిన్ లాంటి మందులు ఎక్కువ రోజులు పడినవాళ్ళు, గర్భంలో ఉండగా తల్లికి రుబెల్లా సోకినవాళ్ళు, వీళ్ళకు ఓఏఈ ఒక్కటే చాలదు, బెరా కూడా అడగండి. లోపలి చెవి బాగుండి నరంలో తేడా ఉంటే ఓఏఈ పట్టుకోలేదు. రుబెల్లా టీకా 2017 నుంచి మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మీజిల్స్ టీకాతో కలిపి ప్రభుత్వమే వేస్తోంది. అది ఇప్పించడం కూడా చెవిని కాపాడటమే.

ప్రతి ప్రసూతి ఆసుపత్రిలోనూ ఈ పరీక్ష దానంతట అదే జరగదు. డిశ్చార్జి రోజున మీరే అడగాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా పిల్లల వినికిడిని కూడా చూడాలి. అంగన్‌వాడీకి, బడికి వచ్చే ఆ కార్యక్రమ బృందమే అనుమానం ఉన్న పిల్లల్ని జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతుంది. హైదరాబాద్ కోఠీలోనూ, విశాఖలోనూ ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రులున్నాయి. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. రాయలసీమ వాళ్ళకు మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ కూడా అంత దూరం కాదు. ప్రైవేటు క్లినిక్‌కు వెళ్తే వినికిడి పరీక్షించే ఆడియాలజిస్టుకు భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. అడిగితే ఏమనుకుంటారోనని మొహమాటపడకండి.

చీము కారే చెవి

పుట్టుకతో వచ్చే లోపం కన్నా మన పల్లెల్లో, బస్తీల్లో ఎక్కువగా కనిపించేది చెవి నుంచి చీము. జలుబు చేస్తుంది, రాత్రంతా చెవిపోటు, తెల్లారేసరికి దిండు మీద మరక. "చిన్నప్పుడు అందరికీ కారుతుంది" అని వదిలేస్తారు. కర్ణభేరికి పడిన చిల్లు పూడకుండా ఏళ్ళ తరబడి కారితే ఆ చెవి వినికిడి తగ్గిపోతుంది, అరుదుగా ఇన్‌ఫెక్షన్ మెదడు దాకా కూడా పోతుంది. ఇలాంటి చెవిలో వెల్లుల్లి కాచిన నూనె, తల్లిపాలు, ఆకు పసరు ఏవీ పోయకూడదు. స్నానం చేయించేటప్పుడు వ్యాజలిన్ రాసిన దూది పెట్టి చెవిని పొడిగా ఉంచాలి. చెరువులో, కాలవలో ఈత వద్దు. ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాలి. అంతే.

చీము లేకుండా, నొప్పి లేకుండా కర్ణభేరి వెనక నీరు నిలిచే పరిస్థితి ఇంకొకటుంది. నోరు తెరిచి నిద్రపోతూ గురక పెట్టే, ఎప్పుడూ ముక్కు కారే నాలుగైదేళ్ళ పిల్లల్లో ఇది ఎక్కువ. టీవీ సౌండు పెంచుతుంటారు, రెండుసార్లు చెబితే గానీ పలకరు. డాక్టర్లు సాధారణంగా మూడు నెలలు చూస్తారు. చాలామందికి దానంతట అదే తగ్గుతుంది. తగ్గకపోతే చిన్న గొట్టం లాంటి గ్రోమెట్ పెడతారు. ఇక గుబిలి సంగతి: చెవి తనంతట తానే దాన్ని బయటికి తోసేస్తుంది. పిన్నీసు, అగ్గిపుల్ల, ఇయర్ బడ్ దేనితోనూ కెలకొద్దు.

యంత్రం పెట్టిన తర్వాత

లోపం లోపలి చెవిలోనో నరంలోనో ఉందని, అంటే నరాల చెవుడని తేలిన రోజున ఆ ఇంట్లో ఏడుపు సహజం. ఏడవనివ్వండి. కానీ యంత్రం పెట్టడానికి ఏడుపు ఆగేదాకా ఎదురుచూడొద్దు.

కారణం మెదడులో ఉంది. శబ్దం అందని శ్రవణ భాగాన్ని మెదడు ఖాళీగా ఉంచదు, చూపు, స్పర్శ లాంటి పనులకు మళ్ళించడం మొదలుపెడుతుంది. పుట్టుచెవుడుండి కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే పరికరం) పెట్టించుకున్న పిల్లల మీద అమెరికాలో అను శర్మ, ఆమె సహచరులు చేసిన పరిశోధనల్లో మూడున్నరేళ్ళలోపు ఇంప్లాంట్ అందిన పిల్లల మెదడు స్పందన మామూలు పిల్లలకు చాలా దగ్గరగా వచ్చింది, ఏడేళ్ళు దాటాక అందినవాళ్ళలో చాలామందికి అలా రాలేదు. "కాస్త పెద్దయ్యాక చూద్దాం" అన్న మాట ఎంత ఖరీదైనదో ఇక్కడ తెలుస్తుంది.

పిల్లలకు చెవి వెనక పెట్టుకునే రకం యంత్రం మంచిది. లోపం రెండు చెవుల్లో ఉంటే యంత్రాలూ రెండు. చెవిలో కూర్చునే మౌల్డు బిడ్డ చెవి అచ్చు తీసి చేస్తారు. చెవి పెరుగుతుంది, అచ్చు పెరగదు. అందుకే పసిపిల్లలకు కొన్ని నెలలకోసారి కొత్తది చేయించాలి. యంత్రం కీచుమంటోందంటే చాలాసార్లు మౌల్డు వదులైందని అర్థం. కీచుమంటోందని సౌండు తగ్గించేసి కూర్చుంటే బిడ్డకు వినపడేదీ తగ్గిపోతుంది. ఆన్‌లైన్‌లో తక్కువకు దొరికే, శబ్దాన్ని ఉన్నదున్నట్టు పెంచేసే పరికరాలు పిల్లలకు పెట్టొద్దు. బిడ్డ ఆడియోగ్రామ్ చూసి ఏ శబ్దాన్ని ఎంత పెంచాలో అమర్చినదే యంత్రం.

రోజూ పొద్దున ఒక చిన్న పరీక్ష ఉంది, డేనియల్ లింగ్ అనే ఆయన రూపొందించినది. మీ నోరు బిడ్డకు కనపడకుండా ఆ, ఈ, ఊ, మ్, ష్, స్ అనండి. విన్న ప్రతిసారీ చప్పట్లు కొట్టమనండి, పెద్ద పిల్లలైతే తిరిగి పలకమనండి. నిన్నటిదాకా స్ విన్న బిడ్డ ఈరోజు వినలేదంటే బ్యాటరీ చూడండి, మౌల్డులో గుబిలి చూడండి, మౌల్డును యంత్రానికి కలిపే ట్యూబులో చెమ్మ చూడండి. మన కోస్తా ఉక్కపోతకు, వానాకాలానికి యంత్రాలు తొందరగా పాడవుతాయి. రాత్రిపూట సిలికా గుళికలున్న డబ్బాలో పెట్టడం అలవాటు చేసుకోండి. బ్యాటరీలు మాత్రం పిల్లల చేతికి అందనివ్వొద్దు, మింగితే ప్రాణాపాయం.

యంత్రం నిద్ర లేచినప్పటి నుంచి పడుకునేదాకా చెవికి ఉండాలి. థెరపీకి వెళ్ళేటప్పుడు మాత్రమే పెట్టి ఇంటికి రాగానే పెట్టెలో పెడితే బిడ్డకు ఆ గంట మాత్రమే వినికిడి ఉన్నట్టు. ఒక విషయం మనసు విప్పి చెప్పాలి. పెళ్ళికి వెళ్తూ, ఫోటో దిగుతూ, చుట్టాలు వస్తున్నారంటే చాలా ఇళ్ళల్లో బిడ్డ యంత్రం తీసేస్తారు. "రేపు పెళ్ళి కావాల్సిన పిల్ల, నలుగురికీ తెలియడం ఎందుకు" అంటారు. నలుగురూ గమనించినా గమనించకపోయినా, ఆ పిల్ల మాత్రం గమనిస్తుంది. ఇది దాచాల్సిన వస్తువని అమ్మా నాన్నల దగ్గరే నేర్చుకుంటుంది. పదమూడేళ్ళప్పుడు యంత్రం విసిరికొట్టే పిల్లల్లో చాలామందికి ఆ పాఠం మూడేళ్ళప్పుడే అందింది.

యంత్రంతో చాలనంత తీవ్ర లోపం ఉంటే కాక్లియర్ ఇంప్లాంట్. ఆపరేషన్ చేసి లోపలి చెవిలో ఎలక్ట్రోడ్ తీగ పెడతారు, అది నేరుగా నరానికి సంకేతాలు పంపుతుంది. గాయం మానిన కొన్ని వారాలకు పరికరాన్ని ఆన్ చేస్తారు. ఆ రోజు బిడ్డ నవ్వుతుందని ఎదురుచూడకండి, భయపడి ఏడ్చే పిల్లలే ఎక్కువ. ఆ రోజుతో ఆ బిడ్డ వినికిడి వయసు సున్నా నుంచి మొదలవుతుంది. తర్వాత ఏళ్ళ తరబడి థెరపీ, మధ్యమధ్య మ్యాపింగ్, అంటే పరికరం పంపే సంకేతాలను బిడ్డకు తగ్గట్టు సరిచేయడం, ఉంటాయి. ఆరోగ్యశ్రీ లాంటి రాష్ట్ర పథకాల్లో, కేంద్రం ఇచ్చే ఎడిప్ పథకంలో ఈ ఆపరేషన్‌కు సాయం ఉంది. అయితే వయసు పరిమితులున్నాయి, ఆలస్యం చేస్తే అర్హతే పోతుంది. వారంటీ ముగిశాక వైర్లు, బ్యాటరీలు, బయటి ప్రాసెసర్ ఖర్చు ఎవరు భరిస్తారో ఆపరేషన్‌కు ముందే లిఖితంగా తెలుసుకోండి. మెనింజైటిస్ తర్వాత వినికిడి పోతే మాత్రం ఒక్క నెల కూడా జాగు వద్దు. లోపలి చెవిలో ఎముక పెరిగి తీగ పెట్టడానికి దారి మూసుకుపోవచ్చు.

థెరపీ ఇంట్లోనే జరుగుతుంది

స్పీచ్ థెరపిస్టు దగ్గర బిడ్డ వారానికి రెండు మూడు గంటలుంటుంది. మీ దగ్గర ఎనభై తొంభై గంటలు మేలుకుని ఉంటుంది. మంచి థెరపిస్టు బిడ్డకు నేర్పేదాని కన్నా మీకు నేర్పేదే ఎక్కువ. మిమ్మల్ని బయట కూర్చోబెట్టి తలుపేసుకునే చోట అడగండి: "నేనూ లోపలికి రావచ్చా? ఇంటి దగ్గర ఏం చేయాలో చూపిస్తారా?"

దీనికి ఫ్లాష్ కార్డులు కొననక్కర్లేదు. స్నానం, అన్నం, బట్టలు మడతపెట్టడం చాలు. బిడ్డకు మూరెడు దూరంలో, ఎదురుగా, తన ఎత్తుకు దిగి కూర్చోండి. దూరం రెట్టింపైతే శబ్దం సుమారు ఆరు డెసిబెల్స్ పడిపోతుంది, కాబట్టి గట్టిగా అరవడం కన్నా దగ్గరికి జరగడం మేలు. టీవీ ఆపండి. ఫ్యాను రొద ఎక్కువగా ఉంటే గది మారండి. "చొక్కా తొడుక్కుందాం. చెయ్యి ఇటు పెట్టు. ఇంకో చెయ్యి ఏదీ? ఇదిగో వచ్చింది!" ఇలా చేస్తున్న పనినే మాటల్లో చెప్పండి. బిడ్డ "నీళ్ళు" అంటే "నీళ్ళు కావాలా? చల్లని నీళ్ళు ఇస్తా, ఇంద" అని ఒక అడుగు పెంచి తిరిగి ఇవ్వండి. తప్పు పలికితే "అలా కాదు, సరిగ్గా చెప్పు" అనకండి. మీరే సరిగ్గా ఒకసారి పలికి ముందుకు సాగండి.

అడిగిన తర్వాత ఆగడం చాలా కష్టమైన పని. లోపల పది అంకెలు లెక్కపెట్టుకుని బిడ్డ ముఖం వైపు చూస్తూ ఆగండి. మన ఇళ్ళల్లో బిడ్డ నోరు తెరిచేలోపు అమ్మమ్మ ఇచ్చేస్తుంది, అక్క చెప్పేస్తుంది. అడగక ముందే అన్నీ అందే బిడ్డకు మాటతో పనేముంది? ఇంకొకటి, చుట్టాలు రాగానే "ఇదేంటి చెప్పు? అదేంటి చెప్పు? ఆంటీకి ఏనుగు ఏదో చూపించు" అంటూ పరీక్షలు పెట్టకండి. ప్రశ్నలతో బిడ్డ బిగుసుకుంటుంది. చెమ్మచెక్క, గుడుగుడు గుంచం లాంటి ఆటల్లో చేయీ మాటా కలిసి కదులుతాయి, మళ్ళీ మళ్ళీ వస్తాయి, పిల్లలు వంతు కోసం కాచుకుంటారు. థెరపీకి కావాల్సినవన్నీ అందులో ఉన్నాయి.

తెలుగు పిల్లల విషయంలో ప్రత్యేకంగా గమనించాల్సింది మాట చివర. మన భాషలో అర్థమంతా చివరి అక్షరాల్లో తేలుతుంది. ఇంటికి, ఇంట్లో, ఇంటి నుంచి; తిన్నాడు, తింటాడు, తినలేదు. మాట్లాడేటప్పుడు వాక్యం చివరికి వచ్చేసరికి మన గొంతు దిగిపోతుంది. సరిగ్గా వినపడని బిడ్డ ఆ చివర్లు పోగొట్టుకుని "అన్న బడి" అంటాడు, వెళ్ళాడో వెళ్ళలేదో మనం ఊహించుకోవాలి. అందుకే చివర్లు మింగకుండా, అలాగని సాగదీయకుండా పలకండి. ఒకే మాటను చివర మార్చి ఆడించండి: పిల్లి పెట్టెలో, పిల్లి పెట్టె మీద, పిల్లి పెట్టె కింద.

ఏ భాషలో మాట్లాడాలన్నది చాలామంది అడిగే ప్రశ్న. మాటలు ఆలస్యమైన బిడ్డతో ఇంగ్లిష్ ఒక్కటే మాట్లాడమని సలహా ఇచ్చేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆగిపోవు. మీకు ఏ భాషలో లాలన, కోపం, కబుర్లు తడుముకోకుండా వస్తాయో అదే మాట్లాడండి. అమెరికాలో ఉన్న మన కుటుంబాలకు కూడా ఇదే మాట. అక్కడ దాదాపు ప్రతి ఆసుపత్రిలోనూ పుట్టగానే వినికిడి పరీక్ష చేస్తారు, మూడేళ్ళలోపు పిల్లలకు ఇంటికే వచ్చే ఎర్లీ ఇంటర్వెన్షన్ సేవలుంటాయి. వాటిని వాడుకోండి, బామ్మ తెలుగును మాత్రం ఆపకండి.

సైగల భాష నేర్పితే నోటి మాట రాదన్న భయమూ తప్పే. ఇంప్లాంట్ ఫలించని పిల్లలకు, ఆలస్యంగా తేలిన పిల్లలకు సైగలే మొదటి భాష కావచ్చు. భాష అంటూ ఏదో ఒకటి పసితనంలోనే బిడ్డకు అందాలి. భారతీయ సైగల భాష కోసం 2015లో ఢిల్లీలో జాతీయ పరిశోధన, శిక్షణ కేంద్రమే ఏర్పడింది. 2023లో సుప్రీంకోర్టులో సారా సన్నీ అనే వినపడని న్యాయవాది సైగల అనువాదకుని సాయంతో హాజరయ్యారు. మీ బిడ్డ అలా మాట్లాడితే అది ఓటమి కాదు.

నత్తి

రెండు నుంచి ఐదేళ్ళ మధ్య మాటలు పరుగెత్తే వయసులో చాలామంది పిల్లలు తడబడతారు. నత్తి మొదలైన పిల్లల్లో సుమారు నాలుగింట మూడు వంతుల మందికి అది తగ్గిపోతుంది. అబ్బాయిల్లో, ఇంట్లో మరొకరికి నత్తి ఉన్నవాళ్ళలో, ఆరు నెలలు దాటినా తగ్గనివాళ్ళలో నిలిచిపోయే అవకాశం ఎక్కువ. అలాంటప్పుడు బడి వయసు దాకా ఆగకుండా థెరపిస్టుకు చూపించండి. ఆరేళ్ళలోపు పిల్లల కోసం సిడ్నీలో రూపొందించిన లిడ్‌కోంబ్ పద్ధతిలో తల్లిదండ్రులే ఇంట్లో రోజూ సాధన చేయిస్తారు. నత్తి భయపడితే రాదు, వేరేవాళ్ళను అనుకరిస్తే రాదు, గులకరాళ్ళు నోట్లో పెడితే పోదు. పెద్ద కారణం మెదడులో మాటలు అల్లే తీరులో, వంశంలో ఉంది.

"నిదానంగా చెప్పు, ఊపిరి పీల్చుకో, మళ్ళీ మొదలుపెట్టు" అన్న సలహాలు ప్రేమతోనే వస్తాయి. బిడ్డకు మాత్రం నువ్వు మాట్లాడే తీరు బాగాలేదన్న కబురే అందుతుంది. నిదానించాల్సింది మీరు. బిడ్డ మాట పూర్తయ్యేదాకా కళ్ళలోకి చూస్తూ ఉండండి, మధ్యలో మాట అందించకండి. మన సినిమాలు దశాబ్దాలుగా నత్తి పాత్రను నవ్వించడానికే పెట్టాయి. ఆ సీను టీవీలో వస్తుంటే ఇంటిల్లిపాదీ నవ్వే గదిలో తడబడే బిడ్డ కూడా కూర్చుని ఉంటుందని గుర్తుంచుకోండి.

పదమూడు దాటాక

హైస్కూలుకు వచ్చిన పిల్లవాడికి మీరు చెప్పి చేయించే రోజులు అయిపోతాయి. అతనికే చెప్పాలి, కారణంతో చెప్పాలి.

లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే రోమకణాలు ఒక్కో చెవికి సుమారు 15 వేలు. చనిపోయినవి మనుషుల్లో మళ్ళీ పుట్టవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లలకు వారానికి 40 గంటలు, 75 డెసిబెల్స్ మించకుండా వినమంటోంది. పెద్దవాళ్ళకు అదే 40 గంటలకు 80. శబ్దం మూడు డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ వినదగ్గ సమయం సగమవుతుంది. ఆ లెక్కన 90 దగ్గర పెద్దవాళ్ళకే వారం మొత్తానికి నాలుగు గంటలు. బస్సు రొదలో పాట వినపడాలని ఇయర్‌ఫోన్ సౌండు పెంచే పిల్లలు ఈ గీత ఎప్పుడో దాటేస్తారు. ఫోన్‌లో వాల్యూమ్ పరిమితి పెట్టుకోవడం రెండు నిమిషాల పని. పక్కన మూరెడు దూరంలో ఉన్నవాళ్ళ మాట వినపడకపోతే సౌండు ఎక్కువైనట్టే. వినాయక నిమజ్జనంలో డీజే పెట్టెల ముందు, బరాత్‌లో నిలబడ్డ రాత్రి చెవుల్లో గుయ్‌మని మోగిందంటే చెవి దెబ్బ తిన్నదని అర్థం. మర్నాటికి తగ్గినా మళ్ళీ మళ్ళీ జరిగితే నిలిచిపోతుంది. అక్కడికి వెళ్ళొద్దని చెబితే పిల్లలు వినరు, దూరంగా నిలబడమని, జేబులో ఇయర్ ప్లగ్స్ పెట్టుకోమని చెప్పండి. దీపావళి టపాసులకు నాలుగు మీటర్ల దూరంలో 125 డెసిబెల్స్ దాటకూడదని నిబంధన ఉంది. అది కూడా చెవికి పెద్దదే. ఏ వయసులోనైనా ఒక చెవి హఠాత్తుగా వినపడటం మానేస్తే గుబిలి అనుకుని ఆగకుండా రెండు రోజుల్లోపే డాక్టరు దగ్గర ఉండాలి. గవదబిళ్ళల తర్వాత అలా జరగవచ్చు.

గొంతు మారే వయసులో కొందరు అబ్బాయిలకు సన్నని గొంతు అలాగే ఉండిపోతుంది. తోటివాళ్ళు ఏడిపిస్తుంటే మాట్లాడటమే మానేస్తారు. వాయిస్ థెరపీతో చాలామందికి కొద్ది సిట్టింగుల్లోనే మారుతుంది. ఇది తెలియక కాలేజీ అంతా మౌనంగా గడిపేవాళ్ళను తలచుకుంటే బాధేస్తుంది.

చదువు విషయంలో కాగితాలు ముఖ్యం. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 60 డెసిబెల్స్, ఆపైన లోపం ఉంటేనే వైకల్యం కిందికి వస్తుంది. భాష, మాట లోపాలకు విడిగా గుర్తింపు ఉంది. వైకల్య నిర్ధారణ చేసే ప్రభుత్వ శిబిరంలో సర్టిఫికెట్, యూడీఐడీ అనే వైకల్య గుర్తింపు కార్డు తీసుకోండి. సీబీఎస్ఈలో అర్హులైన పిల్లలకు గంటకు ఇరవై నిమిషాల చొప్పున అదనపు సమయం ఇస్తారు, రెండు భాషల బదులు ఒక్కటే చదివే వీలూ ఉంది. రాష్ట్ర పదో తరగతి బోర్డుల్లోనూ సడలింపులున్నాయి, పరీక్ష ఫీజు కట్టే ముందే హెడ్మాస్టరును అడగాలి. మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రం ఉంటే అక్కడి ప్రత్యేక ఉపాధ్యాయులు దారి చూపిస్తారు. 45 డెసిబెల్స్ లోపం ఉన్న బిడ్డకు సర్టిఫికెట్ రాదు, కానీ యంత్రం అవసరం అలాగే ఉంటుంది. కాగితం రాలేదని చికిత్స మానకండి.

పదిహేనేళ్ళు వచ్చేసరికి ఆడియాలజిస్టు దగ్గర మాట్లాడాల్సింది మీరు కాదు, మీ అమ్మాయో అబ్బాయో. తన ఆడియోగ్రామ్ తనకు చదవడం రావాలి. తన మౌల్డు తనే కడుక్కోవాలి, బ్యాటరీ తనే మార్చుకోవాలి, బోర్డు వైపు తిరిగి మాట్లాడే లెక్చరర్‌తో "సార్, మీరు మా వైపు తిరిగి చెబితే నాకు అందుతుంది" అని తనే అనగలగాలి. ఆ ఒక్క వాక్యాన్ని ఇంట్లో ముందే పదిసార్లు చెప్పించండి. ఇంటర్ హాస్టల్‌కు పంపేటప్పుడు పెట్టెలో సర్దాల్సినవి: రెండు నెలల బ్యాటరీలు, సిలికా డబ్బా, ఒక స్పేర్ ట్యూబ్, ఆడియోగ్రామ్ నకలు, దగ్గరలోని ఆడియాలజిస్టు నంబరు. అలారం వినపడదు కాబట్టి దిండు కింద వైబ్రేషన్ పెట్టిన ఫోనో, చేతికి అదిరే వాచీనో. వార్డెన్‌తో, రూమ్మేట్‌తో రాత్రిపూట యంత్రం తీసేస్తానని, నిప్పో మరేదో ప్రమాదం వస్తే వచ్చి తట్టి లేపాలని మొదటి రోజే తను చెప్పాలి.